పచ్చరంగు మీద అనుమానం

ఆ ఉదయం శ్రీరామ్మూర్తి అనుకున్నది చాలా చిన్న పని. టీ తాగాలి, కేథరిన్ రాసిన టెస్టులు ఓసారి నడిపించాలి, మధ్యాహ్నంలోగా బాసు డేవిడ్ రాజు నోట "ఇక టీం లీడరు నువ్వే" అనిపించుకోవాలి. ఆ కుర్చీ మీద ఎన్నాళ్లుగానో అతని కన్ను. అడ్డున్నది కేథరిన్ ఒక్కతే.

కంచరపాలెంలోని ఆ చిన్న ఆఫీసు ఫిషింగ్ హార్బర్ వాళ్లకో యాప్ చేసిపెట్టింది. ఐసు కావాలని నొక్కితే పిలుపు ఐసు ఫ్యాక్టరీకి పోవాలి. వల చిరిగిందని నొక్కితే కుట్టేవాళ్లకు పోవాలి. ఏ పిలుపు ఏ గుమ్మానికో చెప్పే దారులన్నీ సర్వర్లో ఉంటాయి. ఉత్తుత్తి పిలుపులు పంపి, అవి సరైన గుమ్మం తట్టాయో లేదో చూసేవే కేథరిన్ టెస్టులు. సరిగ్గా తడితే పచ్చ, తప్పితే ఎరుపు.

నడిపించాడు. అన్నీ పచ్చ!

శ్రీరామ్మూర్తికి ఎక్కడో కలుక్కుమంది. అసలే ఇంటికి తాళం వేసి, వీధి మలుపు దాకా వెళ్లి, వెనక్కొచ్చి మళ్లీ లాగి చూసే మనిషి. మొదటిసారికే అన్నీ పచ్చగా వస్తే నమ్ముతాడా?

"నాను నమ్మను బావా," అన్నాడు పక్క సీటు అశోక్‌తో గుసగుసగా. "ఏటి సేసినా పచ్చే సూపించేలా రాసేసుంటాది."

"అంత అనుమానమైతే ఓ దారి సెడగొట్టి సూడు. ఎర్రగా రావాలి కదా."

భేష్ అనుకున్నాడు శ్రీరామ్మూర్తి. ఐసు దారిని వలల వాళ్లకూ, వలల దారిని ఐసు ఫ్యాక్టరీకీ తిప్పేసి టెస్టులు మళ్లీ నడిపించాడు. అన్నీ పచ్చే! ఇంకేముంది, దొంగ దొరికిపోయింది. ఆనందం పట్టలేక డేవిడ్ రాజు గదిలోకి దూసుకెళ్లాడు.

"సార్, దారులు మార్చేసినా టెస్టులు పచ్చగానే ఉన్నాయి. మనల్ని మోసం సేత్తంది సార్ ఆ అమ్మాయి!"

డేవిడ్ రాజు కేథరిన్‌ను పిలిచి సంగతి చెప్పాడు. ఆమె నోరు విప్పేలోగా ఫోన్ మోగింది. హార్బర్లో చేపలు కొని లారీలకెత్తే గంగాలమ్మ గొంతు గదంతా వినిపించింది.

"బాబూ, నాను ఐసు అడిగితే సూదులట్టుకుని వలలు కుట్టేవోళ్లు దిగినారేటి? సేపలకి కుట్లెయ్యాలా? ఎండెక్కుతంది!"

ఆమె ఫోన్ పెట్టిందో లేదో, బోటు ఓనరు అర్జునరావు చేశాడు. "సిరిగిన వల కుట్టండ్రా అంటే, దాని మీద ఐసు కుమ్మరించేసినారు!"

"చూశారా సార్? ఇద్దరూ వెంటవెంటనే ఫోన్ చేశారంటే ఎవరో చేయిస్తున్నారన్నమాటే," అంటూ శ్రీరామ్మూర్తి కేథరిన్ వైపు కళ్లు చిట్లించాడు.

కేథరిన్ నేరుగా అతని సీటు దగ్గరికి నడిచింది. ముగ్గురూ స్క్రీన్ ముందు నిలబడ్డారు.

"మూర్తి గారూ, దారులు మార్చింది ఎక్కడండీ?"

"ఇదిగో, పరీక్షలకని ఉంచుకున్న నా కాపీలో."

"ఇది మీ కాపీ కాదండీ, లైవ్ సర్వరు. హార్బరంతా దీని మీదే నడుస్తోంది. మీ కాపీ ఆ పక్క విండోలో ఉంది. టెస్టులు దాన్నే చూశాయి. దాన్ని మీరు ముట్టుకోనేలేదు కదా, అందుకే పచ్చ."

లైవ్‌లో దారులు సరిచేసి, అదే మార్పు అతని కాపీలో చేసి టెస్టులు నడిపించింది. స్క్రీన్ భగ్గున ఎర్రబడింది. శ్రీరామ్మూర్తికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"గంగాలమ్మ సేపలు పాడైతే ఏటి సెప్పాలి మూర్తీ?" అన్నాడు డేవిడ్ రాజు తల పట్టుకుని.

మళ్లీ ఫోన్. గంగాలమ్మే.

"అర్జునరావు బోటు పక్కనే కదా బాబూ! ఐసు నాను లాక్కున్నాను, కుట్టేవోళ్లని ఆడికి తోలేసినాను. సేపలు బాగానే ఉన్నాయి. మీ బుర్రలే ఓసారి సూసుకోండి."

టీం లీడరు కుర్చీ కేథరిన్‌కే వెళ్లింది. సాయంత్రంలోగా ఆమె సర్వరుకో తాళం బిగించి, దానికి కొత్త టెస్టు ఒకటి రాసింది: లైవ్ సర్వర్లో దారి మార్చమని శ్రీరామ్మూర్తి పేరుతో పిలుపు వస్తే, సర్వరు తలుపు మూసెయ్యాలి.

అది మొదటిసారికే పచ్చగా వచ్చింది. నిజంగా మూస్తుందో లేదో లైవ్‌లో ఒక్కసారి చూద్దామని శ్రీరామ్మూర్తికి వేళ్లు దురద పెట్టాయి.