ఆల్డ్రిక్ జయపాల్ గారికి కన్నీటి నివాళి

ఆ ఆదివారానికి జయపాల్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఆరున్నరకి లేవాలి. వన్ టౌన్ వెళ్లి పన్నెండు మందికి సరిపడా ఇడ్లీ, ఒక పూలదండ, డజను కొవ్వొత్తులు తేవాలి. తొమ్మిదిన్నరకి మేడ మీద సంతాప సభ జరపాలి. పన్నెండులోపు అందరూ ఏడ్చేసి వెళ్లిపోతే గది ఊడ్చుకుని, నాలుగింటికి ఇంటి ఓనరు బసవయ్య గారి ముందు కూర్చుని మూడేళ్ల అగ్రిమెంటు మీద సంతకం పెట్టాలి.

వీటన్నిట్లో ముఖ్యమైనది సంతకం. బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల పెళ్లికాని కుర్రాడికి గది ఇచ్చే ఇల్లు ఉందని శాస్త్రీయంగా ఇంకా రుజువు కాలేదు. జయపాల్ నలభై ఒక్క గుమ్మాలు ఎక్కి దిగాడు. నలభై రెండో గుమ్మంలో బసవయ్య గారు అతన్ని కాసేపు ఎగాదిగా చూసి, "పదకొండు నెలలు చూస్తానయ్యా. ఇంటి మీదికి ఏ గొడవా రాకపోతే అప్పుడు మూడేళ్లకి రాసిస్తా" అన్నారు. పదకొండు నెలలూ జయపాల్ తుమ్ము వచ్చినా మెట్లు దిగి వీధిలోకి వెళ్లి తుమ్మాడు. గడువు ఈ ఆదివారంతో ముగుస్తుంది. అతను జారిపోతే గదిలోకి దిగడానికి ఎవరో కొత్త దంపతులు మంచం కూడా కొనేసుకుని సిద్ధంగా ఉన్నారు.

ఇక సంతాపం సంగతి. 'లాంటర్న్ కోస్ట్' అని ఒక వీడియో గేము. ఐదు భాగాలు. అందులో ఆల్డ్రిక్ అనే లైట్‌హౌస్ కాపలాదారు చేతిలో లాంతరు పట్టుకుని పదకొండేళ్లుగా చీకటితో పోరాడుతున్నాడు. మొదటి భాగం వచ్చినప్పుడు జయపాల్‌కి పదహారేళ్లు. రెండో భాగంలో ఆల్డ్రిక్ భార్య పోయినప్పుడు ఇతను మూడు రోజులు అన్నం మానేశాడు. మూడో భాగం కోసం ఇంజనీరింగులో రెండు సబ్జెక్టులు త్యాగం చేశాడు. ఐదోది నిన్న, శనివారం సాయంత్రం ఐదూ నలభైకి పూర్తయింది. ఆల్డ్రిక్ ఆఖరి దీపం వెలిగించి సముద్రంలో మునిగిపోయాడు. జయపాల్ తృప్తిగా ఏడ్చాడు.

అప్పుడు తెర మీద ఒక వంటిల్లు వచ్చింది. ఒక ముసలావిడ రొట్టె కాలుస్తూ ముగ్గురు పిల్లలతో, "అంతే నాయనా. ఆల్డ్రిక్ లేడు, దీపం లేదు, అంతా నేనే అల్లాను. ఇక పడుకోండి" అంది. ఒక పిల్లాడు ఆవులించాడు. పేర్లు పడ్డాయి.

జయపాల్ నలభై నిమిషాలు కదల్లేదు. గోడ మీది బల్లి కిందికి దిగి, కాసేపు పరిశీలించి, ఇతను సామానేనని నిర్ధారించుకుని కాలి మీదుగా నడిచి వెళ్లిపోయింది.

తర్వాత కీర్తన ఫోన్ చేసింది. కీర్తన పళ్ల డాక్టరు. విజయవాడలో ఆ గేము ఆడే పన్నెండు మందిలో అందరికంటే మొండిది.

"చూశావారా?"

"చూశాను."

"ఇవాళ ఒక పేషెంటుకి పిప్పిపన్ను బదులు పక్కపన్ను పీకేసేదాన్ని. వాడు కథలో మనిషైతే మనమేంట్రా? ఆ ముసలిదాని చేతిలో పిండా?"

"ఇప్పుడేం చేద్దాం?"

"నివాళి ఇద్దాం. సభ పెడదాం. ఫ్లెక్సీ కొట్టించు. ఆల్డ్రిక్ ఉన్నాడు, బతికాడు, పోయాడు. అంతే. ఆ వంటిల్లు మనం ఒప్పుకోవట్లేదు."

జయపాల్ వెంటనే వన్ టౌన్‌లో ఫ్లెక్సీలు వేసే లక్ష్మీకాంత్‌కి వాట్సాప్‌లో రెండు ఫొటోలు పంపాడు. ఒకటి ఆల్డ్రిక్‌ది. రెండోది తనది, ఎందుకంటే నిర్వాహకుడి ఫొటో లేని ఫ్లెక్సీని విజయవాడలో గాలి కూడా ఊపదు. కింద మ్యాటర్ టైపు చేశాడు: 'ఆల్డ్రిక్. పదకొండేళ్ల ప్రయాణం ముగిసింది. కన్నీటి నివాళి. జయపాల్, మిత్రబృందం.' పొద్దున్నే మేడ మీద కట్టించమని చెప్పి, చిరునామా కూడా పంపాడు.

ఆదివారం ఏడింటికి లక్ష్మీకాంత్ మనుషులు వచ్చారు. మేడకి తాళం ఉంది. జయపాల్ అప్పటికే ఇడ్లీల కోసం వెళ్లిపోయాడు. వాళ్లు తమకి అలవాటైన చోట, అంటే వీధి మొదట్లో కరెంటు స్తంభానికి కట్టేసి వెళ్లిపోయారు.

పాల ప్యాకెట్‌తో వస్తున్న బసవయ్య గారు తలెత్తి చూశారు. నిలువెత్తు ఫ్లెక్సీ. మధ్యలో పెద్ద గుండ్రంలో, మెడలో దండతో జయపాల్ నవ్వుతున్నాడు. పైన మూలలో మేఘాల మధ్య నుంచి గడ్డం, పొడుగు జుట్టు, చేతిలో దీపం ఉన్న ఒక మహానుభావుడు అతన్ని దీవిస్తున్నాడు. కింద ఇలా ఉంది: 'శ్రీ ఆల్డ్రిక్ జయపాల్ గారు. ముప్పై ఒక్క ఏళ్ల జీవిత ప్రయాణం ముగిసింది. కన్నీటి నివాళి. మిత్రబృందం.'

పాల ప్యాకెట్ కిందపడింది. బసవయ్య గారు మంచివారు కాబట్టి ముందు కళ్లు తుడుచుకున్నారు. ఇంటి ఓనరు కాబట్టి వెంటనే పురోహితుడు వెంకటసుబ్బారావు గారికి ఫోన్ చేశారు.

"నిన్నటి నక్షత్రమా?" అన్నారు ఆయన పంచాంగం తిరగేసి. "ధనిష్ఠ. పంచకం. మరణం ఇంట్లోనే జరిగితే ఆరు నెలలు ఇల్లు మూసెయ్యాలి. మీరు కూడా ఉండకూడదు."

"నేనెక్కడికి పోనండీ?"

"అది పంచాంగంలో లేదు."

ఈలోపు ఎవరో ఫ్లెక్సీని ఫొటో తీసి చర్చి గ్రూపులో పెట్టారు. అది ఎనిమిదింటికి కొండపల్లి చేరింది. అక్కడ జయపాల్ మేనత్త శౌరమ్మ ఉంది, చిన్నప్పటి నుంచి అతన్ని పెంచిన మనిషి. ఆవిడ కాళ్లకి చెప్పులు కూడా లేకుండా బస్సెక్కింది.

వన్ టౌన్‌లో ఇడ్లీల క్యూలో ఉన్న జయపాల్ ఫోనుకి మెసేజీలు వస్తున్నాయి. ఇంట్లోవాళ్లు ఎవరైనా చూస్తారులే అని ఆఫీసు మేనేజరు పెట్టాడు: 'నమ్మలేకపోతున్నాను. ఇంత అర్ధాంతరంగానా?' జయపాల్ గుండె నిండిపోయింది. ఈయన కూడా ఈ గేము ఆడతాడని ఇన్నేళ్లూ తెలియనే లేదు. 'అవును సర్. అన్యాయం. థాంక్యూ సర్' అని జవాబిచ్చాడు. మేనేజరు ఆ రోజంతా ఫోను ముట్టుకోలేదు.

తొమ్మిదింటికి వీధిలోకి ఒక వ్యాన్ వచ్చింది. అందులోంచి ఇద్దరు మనుషులు ఫ్రీజర్ బాక్సు దించి, బసవయ్య గారి వరండాలో పెట్టి, ప్లగ్గు పెట్టి, "లక్ష్మీకాంత్ గారు పంపారండీ. ఫ్లెక్సీతో పాటు వస్తుంది" అన్నారు. బాక్సు గుయ్యిమని మొదలైంది. వెనకాలే నల్ల టీషర్టుల్లో పదకొండు మంది వచ్చారు. పది మంది వీధి మొదట్లో ఫ్లెక్సీ దగ్గరే ఆగిపోయి నోళ్లు తెరిచారు. రాత్రంతా ఏడ్చి కళ్లజోడు క్లినిక్కులోనే మర్చిపోయిన కీర్తన మాత్రం, పైనున్న దీపం ఒక్కటే గుర్తుపట్టి, తిన్నగా లోపలికి వచ్చింది. వరండాలో బాక్సు చూసి, ఏర్పాట్లు బాగా చేశాడనుకుంది.

"రామ్మా," అన్నారు బసవయ్య గారు గద్గదంగా. "ఎలా జరిగిందమ్మా?"

"సముద్రంలో మునిగిపోయాడండీ."

"సముద్రమా? నిన్న మధ్యాహ్నం మోటారు వేశాడు కదమ్మా!"

"ఐదూ నలభైకండీ. అదైనా భరిస్తాం. ఇప్పుడేమంటున్నారో తెలుసా? అసలు వాడు లేనే లేడట!"

"ఎవరంటున్నారు?"

"ఆ ముసలిది. వంటింట్లో కూర్చుని పిల్లలకి అల్లి చెప్పిందట. పదకొండేళ్లండీ! అంతా ఉత్తిదట!"

బసవయ్య గారు గోడ పట్టుకున్నారు. "మొన్న మా నీళ్ల ట్యాంకు కడిగాడు తల్లీ. లేకపోవడమేంటి?"

"కదండీ!" అని కీర్తన ఆయన చెయ్యి పట్టుకుని భోరుమంది. తనని అర్థం చేసుకున్న మొదటి పెద్దమనిషి ఆయనే.

అప్పుడు శౌరమ్మ వచ్చింది. బస్టాండు నుంచి ఆటోలో వీధి మొదలు దాకా వచ్చి, ఫ్లెక్సీ చూసి, అక్కణ్నుంచి నేల మీద పడుతూ లేస్తూ వచ్చింది. ఫ్రీజర్ బాక్సు మీద పడి, "నా నాయనా, ముప్పై ఒక్కటి కూడా రాలేదు కదరా నీకు, ఇరవై ఏడేరా!" అని తల బాదుకుంటుంటే, వీధి రెండో చివర నుంచి వచ్చి గేటు దగ్గర స్కూటీ ఆగింది. మెడలో పూలదండ, ముందు ఇడ్లీ డబ్బాలు, సంచిలో కొవ్వొత్తులతో జయపాల్ దిగాడు. చేతులు ఖాళీ లేక దండ మెడలో వేసుకున్నాడు పాపం.

"అత్తా! నువ్వెప్పుడొచ్చావు?"

సగం ఇడ్లీలకి సంబంధించినంతవరకు అదే ఆఖరి నిమిషం. శౌరమ్మ ముందు అతన్ని వాటేసుకుంది, తర్వాత కొట్టింది, తర్వాత మళ్లీ వాటేసుకుని కొట్టింది. "బస్సులో నలభై మంది నాతో పాటు ఏడ్చార్రా! కండక్టరు ఇబ్రహీంపట్నం దగ్గర బస్సాపి మంచినీళ్లు తాగించాడు! వాళ్లకిప్పుడు ఏం మొహం పెట్టుకుని చెప్పను, ఏమీ కాలేదని?"

జయపాల్ ఫ్లెక్సీ దాకా పరిగెత్తి, చూసి, అక్కడ నిలబడిపోయిన పది మందినీ వెంటబెట్టుకుని తిరిగొచ్చి, లక్ష్మీకాంత్‌కి ఫోన్ చేశాడు.

"ఎవరండీ?"

"జయపాల్‌ని."

"ఏ జయపాల్ అండీ?"

"మీరు చంపిన జయపాల్‌ని. దండ ఆయనకి వెయ్యాలండీ, నాకు కాదు!"

"బాగుందండీ! పైన దేవుడు, మధ్యన మనిషి, కింద మిత్రులు. ఇరవై రెండేళ్లుగా ఇదే వేస్తున్నా. ఆ గడ్డం, ఆ దీపం చూసి మీ చర్చిలో పెద్దాయనే అనుకున్నా. ఆయనకి దండేస్తే మీవాళ్లు ఊరుకుంటారాండీ? ఆల్డ్రిక్ అనేది మీ జ్ఞానస్నానం పేరనుకున్నా. మీసాలున్నోడికి పదకొండేళ్లేంటని అది కూడా నేనే సరిచేశా. వయసు తప్పితే చెప్పండి, మార్చేద్దాం."

బసవయ్య గారు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. జయపాల్ కూడా పీల్చుకున్నాడు. ఇక నాలుగింటి సంతకానికి అడ్డులేదు. అక్కడితో అయిపోవలసిందే. కానీ బసవయ్య గారికి ఒక సందేహం మిగిలిపోయింది.

"మరి పోయిందెవరయ్యా?"

"ఆల్డ్రిక్ అండీ," అంది కీర్తన జయపాల్ నోరు తెరిచేలోపు. "ఆ ఫ్లెక్సీలో పైన దీపంతో ఉన్నాడే, ఆయన."

"ఎక్కడ పోయాడు?"

"మీ మేడ మీదేనండీ. జయపాల్ కళ్లముందే."

బసవయ్య గారి చెయ్యి దానంతటదే మళ్లీ ఫోను దగ్గరికి వెళ్లింది. స్పీకరు పెట్టారు.

"ఈసారి ఎవరు?" అన్నారు వెంకటసుబ్బారావు గారు.

"అదే ఇంట్లో, అదే టైముకి, వేరే ఆయనటండీ."

"అండీ, అది వీడియో గేము!" జయపాల్ కంగారుపడ్డాడు. "పైగా మేం క్యాథలిక్కులం, మాకు పంచకాలు లేవండీ."

"మీకు లేకపోతే ఏమయ్యా, ఇంటికి ఉన్నాయిగా," అన్నారు బసవయ్య గారు.

"ఒక్కటే తేల్చండి," అన్నారు ఫోన్లోంచి. "ఆ పోయినాయన అసలు ఉన్నాడా, లేడా? ఉంటే పోయినట్టు. పోతే ఆరు నెలలు ఇల్లు మూత. లేడంటే దోషం లేదు. అక్కడున్నవాళ్లే చెప్పాలి."

"ఉన్నాడు!" అన్నారు నల్ల టీషర్టులు పదకొండు మందీ.

"మాతో పాటు పదకొండేళ్లు బతికాడండీ," అంది కీర్తన. "మా ఇంట్లోవాళ్లకంటే ఎక్కువ. చెప్పరా జయా. వాడు ఉన్నాడని నువ్వే చెప్పు."

జయపాల్ కీర్తన మొహం చూశాడు. మేడ మెట్లు చూశాడు. ఇల్లు మూస్తే ఆరు నెలలు. ఆరు నెలల తర్వాత మంచం కొనుక్కున్న ఆ దంపతులు. అతనికి నలభై ఒక్క గుమ్మాలు వరసగా కనిపించాయి. ఫ్రీజర్ బాక్సు గుయ్యిమంటోంది.

"లేడండీ," అన్నాడు.

"గట్టిగా. పంతులు గారికి వినపడాలి."

"ఆల్డ్రిక్ లేడండీ! దీపం లేదు. ఒక ముసలావిడ వంటింట్లో రొట్టెలు కాలుస్తూ ముగ్గురు పిల్లలకి అల్లి చెప్పింది. అంతా ఉత్తిదే."

నల్ల టీషర్టుల్లో ఒకతను నెమ్మదిగా మెట్టు మీద కూలబడ్డాడు. కీర్తన ఏడుపు ఆపేసింది, అదే ఎక్కువ భయంగా ఉంది.

"ఆ వంటిల్లు రాసినవాడికి నువ్వు తోబుట్టువువిరా," అని మాత్రం అంది. పదకొండు మందీ వెళ్లిపోయారు. గేటు దాటకముందే జయపాల్‌ని గ్రూపులోంచి తీసేశారు. వెళ్తూ వెళ్తూ మిగిలిన ఇడ్లీలు పట్టుకుపోయారు.

"చూశావా ఎంత సుఖంగా తేలిపోయిందో!" అన్నారు బసవయ్య గారు. "ఎవరూ పోలేదు, ఎవరికీ మైల లేదు. ఆ కథ రాసినవాడెవడో గానీ తెలివైనవాడయ్యా. మీ వయసోళ్లకి అర్థంకావాలిగానీ."

నాలుగింటికి సంతకాలు జరిగాయి. బసవయ్య గారు జాగ్రత్త కోసం అగ్రిమెంటు వెనక ఒక వాక్యం రాయించుకున్నారు: 'పై తెలిపిన ఆల్డ్రిక్ అను వ్యక్తి ఏనాడూ లేడనియు, మొత్తం ఒక వృద్ధురాలు చెప్పిన కథ మాత్రమేననియు నేను పూర్తి స్పృహతో అంగీకరిస్తున్నాను.' కింద జయపాల్ సంతకం. సాక్షి సంతకం శౌరమ్మ పెట్టింది, ఇంకా ముక్కు చీదుకుంటూనే.

అగ్రిమెంటు ప్రకారం జయపాల్ ఆ గదిలో మూడేళ్లు ఉండాలి. ఏం చేస్తూ ఉండాలో మాత్రం అందులో రాయలేదు.