మంత్రిగారి బోర్డుకు సన్న మర

అన్నపూర్ణ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. ఆ చేటలోనే రెండు బోల్టులు వచ్చి పడ్డాయి.

“రేపటితో ఈ రాష్ట్రంలో స్థిరత్వం మొదలవుతుంది” అన్నాడు భర్త వీరరాఘవరావు.

కొత్త ఉపమంత్రి విద్యాసాగర్ గారి చిక్కడపల్లి ఇంటి గేటుకు పేరు బోర్డు బిగించాలి. ఇనప బోల్టులైతే వానకు తుప్పు పట్టి, ఆ తుప్పు నీళ్లు మంత్రిగారి పేరు మీదుగా కారతాయి. ప్రతిపక్షం ఊరుకోదు. అందుకని స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులే వాడాలని పైస్థాయిలో తీర్మానం అయిపోయింది. ఏ మర బోల్టులన్నది మాత్రం అసిస్టెంట్ ఇంజనీరు విజ్ఞతకు వదిలేశారు. ప్రభుత్వం తనను ఇంతగా నమ్మడం వీరరాఘవరావుకు ఇదే మొదలు.

మర అంటే బోల్టు ఒంటి చుట్టూ తిరిగే గాడి. ఒకదానికి ముతకగా ఉంది, రెండోదానికి సన్నగా.

“ఏది మంచిదండీ?”

“పుస్తకంలో ఉంది. కానీ మంత్రిగారి మనసులో ఏముందో పుస్తకంలో లేదు” అన్నాడాయన దిగులుగా. “కోపం వచ్చిందా, బదిలీయే.”

అన్నపూర్ణ చెయ్యి ఆగిపోయింది. ఆమె నారాయణగూడలో టైపు నేర్చుకుంటోంది. ఇంతకుముందు ఏ ఊళ్లో లోయర్ పరీక్షకు కట్టినా, పరీక్ష కంటే ముందు బదిలీ వచ్చేది. ఇక్కడ ఊళ్లో గొడవల వల్ల పరీక్షే వాయిదా పడుతూ వస్తోంది. బదిలీ ఇంకా రాలేదు.

టైపు క్లాసుకు దారి అటే కనుక మర్నాడు ఆమె కూడా భర్త వెంట వెళ్లింది. మంత్రిగారి వరండాలో ఓ మూల కూర్చుంది.

“ఇది ముతక మర సార్” అన్నాడు వీరరాఘవరావు. “తొందరగా బిగుస్తుంది. తొందరగా ఊడి వస్తుంది.”

పి.ఏ. ఏడుకొండలు దగ్గాడు.

“ఏందయ్యా, మెడల దండలు ఇంక ఎండనేలేదు. అప్పుడే ఊడుడు ముచ్చట పెడ్తవా?” అన్నారు మంత్రిగారు.

“అయితే సన్న మర సార్! అదురుకు వదులవదు. కాకపోతే చాలా చుట్లు తిప్పాలి.”

“తిప్పుదాం. తిప్పితే ఏం పోతది?”

“మన దగ్గరికి పనులకొచ్చేవాళ్లను తిప్పడం లేదా సార్” అన్నాడు ఏడుకొండలు భక్తిగా.

“ఒక్క మనవి సార్. స్టీలుతో స్టీలు ఒరుసుకుంటే పట్టేసుకుంటుంది. కొంచెం గ్రీజు రాయాలి. లేకపోతే ఇంక జన్మలో ఊడి రాదు.”

మంత్రిగారి ముఖం వెలిగింది. “జన్మల రాదా?”

“రాదు సార్.”

“మరి గ్రీజెందుకయ్యా? ఇంత మంచి గుణాన్ని ఖరాబ్ జేస్తవా?”

మూలన కూర్చున్న అన్నపూర్ణ ఈ మాటలన్నీ శ్రద్ధగా విన్నది.

కొబ్బరికాయ కొట్టి, మంత్రిగారే స్వయంగా పానా పట్టారు. ఫోటో తీసినప్పుడల్లా ఇంకో చుట్టు తిప్పారు. చివరికి బోల్టు కీచుమని ఆగిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. “నువ్వు హైదరాబాద్ ఇడిసి యాడికీ పోవు” అని మంత్రిగారు వీరరాఘవరావు భుజం తట్టారు.

మిగిలిన బోల్టులతో ఆ ఆదివారం ఆయన అశోక్‌నగర్‌లోని తన అద్దె ఇంటి గేటుకు కూడా ఓ బోర్డు పెట్టుకున్నాడు. ఇంటి యజమానురాలు ఆశమ్మ ముందే షరతు చెప్పింది. “పెట్టుకో సారూ. గాని పొయ్యేటప్పుడు తీసుకపోవాలె. ముందటాయన ఇడిసిపెట్టి పోతే ఆయన కోసం వచ్చెటోళ్లతోని పరేషాన్ అయిన. బోర్డు ఊడనిది మీ బిందె గూడ గేటు దాటనియ్య.”

తన ఇంటికి కనుక వీరరాఘవరావు పుస్తకంలో ఉన్నట్టే చేశాడు. ప్రతి బోల్టుకూ గ్రీజు రాసి భార్య చేతికిచ్చాడు. నిచ్చెన ఎక్కాక ఆమె ఒక్కొక్కటే అందించింది. “బాగా బిగించండి” అంది.

ఇంతలో మంత్రివర్గం మారింది. రేడియోలో చదివిన పేర్లలో విద్యాసాగర్ గారి పేరు లేదు. ఆ శాఖ విశ్వేశ్వరరావు గారికి వచ్చింది.

కానీ జనానికి రేడియో కంటే బోర్డు మీద నమ్మకం ఎక్కువ. అర్జీలన్నీ చిక్కడపల్లికే వెళ్లేవి. విద్యాసాగర్ గారు అన్నీ ఓపికగా తీసుకుని “చూద్దాం” అనేవారు. పదవిలో ఉండగా కూడా అదే అనేవారు కనుక ఎవరికీ లోటు కనిపించలేదు.

కొత్త మంత్రిగారికి కనిపించింది. “వారంలోగా ఆ బోర్డు దిగాలి. దిగకపోతే మీరు ఆదిలాబాదు అడవులకు ఎక్కాలి” అన్నారు వీరరాఘవరావుతో.

బోల్టుల తలలు అరిగి గుండ్రమయ్యాయి. రంపాలకు పళ్లు రాలిపోయాయి. విద్యాసాగర్ గారు కుర్చీ వేయించుకుని చూస్తూ, “తియ్యుండ్రి, నేనేమన్న వద్దన్ననా? నేను పదవి పట్టుకొని యేలాడేటోన్ని గాదు” అంటూ అందరికీ చాయ్ ఇప్పించారు.

గడువు రోజున విశ్వేశ్వరరావు గారే వచ్చారు. చొక్కా చేతులు మడిచి పానా వేశారు. చెమటలు కక్కారు. బోర్డు కదల్లేదు. చాలాసేపు దాన్ని నిమిరారు.

“ఏ మరయ్యా ఇది?”

“సన్న మర సార్” అన్నాడు వీరరాఘవరావు.

“గ్రీజు?”

“లేదు సార్.”

మంత్రిగారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. “మా ఊళ్లో మా ఇంటికి కూడా ఇలాగే బిగించాలి. మొత్తం మంత్రివర్గానికి బిగించాలి. ఇవాళ్టి నుంచి మీరు స్థిరత్వ ప్రత్యేకాధికారి. మకాం మా ఊరే. ఎల్లుండి పొద్దున్నే బయల్దేరండి.”

వీరరాఘవరావు పొంగిపోతూ ఇంటికొచ్చాడు. “ప్రమోషన్ అన్నపూర్ణా! సామాను సర్దు! ఎల్లుండి పొద్దున్నే లారీ!”

వాయిదాలు పడి పడి చివరికి ఖాయమైన టైపు పరీక్ష కూడా ఎల్లుండి పొద్దున్నే. ఆ సంగతి ఆమె చెప్పింది.

“పరీక్షకేముంది, మళ్లీ కట్టొచ్చు” అన్నాడాయన.

ఆమె సామాను సర్దింది.

ఆ ఉదయం లారీ వచ్చింది. ఆశమ్మ గేటుకు అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది. వీరరాఘవరావు పానా పట్టి తన బోర్డుతో కుస్తీ పడుతున్నాడు.

“గ్రీజు రాశాను కదా! నా చేత్తో రాశాను! గ్రీజు రాసింది పట్టేసుకోవడం ఏ పుస్తకంలో ఉంది?”

“నాకేం ఎరుక సారూ? బోర్డు ఊడినంక బిందె” అంది ఆశమ్మ.

గేటు పక్క తీగ మీద అన్నపూర్ణ పాత చీర ఆరుతోంది. దాని కొంగు చివర నల్లటి జిడ్డు మరక. బోర్డు పెట్టిన ఆదివారం నుంచి ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు.

అన్నపూర్ణ గంజి పెట్టిన చీర కట్టుకుని, హాల్ టికెట్ చేత్తో పట్టుకుని బయటికి వచ్చింది. ఆశమ్మ పీట పక్కకు జరుపుకుంది. భర్త చేతిలోంచి జారి దారిలో పడ్డ పానాను దాటి, ఆమె నారాయణగూడ వైపు నడిచింది.