వెనక సీటు పరీక్ష

ఆ ఉదయం ఆయన వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఎనిమిదిన్నరకి వెనక సీటు పరీక్ష, తొమ్మిదికి కూరగాయల బజారు, పదకొండుకి పెట్రోలు, మధ్యాహ్నం ఇంటికొచ్చి సమీక్ష రాసుకోవడం, అయిదింటికి కారు కంపెనీవాళ్ళకి అప్పజెప్పడం. పాతికేళ్ళుగా పత్రికలో కార్ల గురించి రాస్తున్న మనిషి. ఏ కారు గురించి మొదలెట్టినా చివరికి అది లీటరుకి ఎంతిస్తుందన్న దగ్గరే తేలతాడు కనక ఆఫీసులో అందరూ ఆయన్ని మైలేజీ అంటారు.

ఈసారి చేతికొచ్చింది మామూలు కారు కాదు. చిన్న కారే, కానీ కండలు పెంచిన చిన్న కారు. హాట్ హ్యాచ్‌బ్యాక్ అంటారు. మిరపపండు రంగు, రెండే తలుపులు, నేలకి జానెడెత్తున కూర్చోబెట్టే సీట్లు, స్టార్ట్ చేస్తే వీధిలో సగంమంది కిటికీల్లోకి వచ్చేంత రంకె. "రేసు ట్రాకు మీద దాన్ని ఎవడైనా పొగుడుతాడు. రోజూ వాడుకునే మనిషికి పనికొస్తుందా లేదా, అది తేల్చు," అన్నాడు సంపాదకుడు. అని ఊరుకోలేదు. "పోయినసారి బంపరు మీద గీతతో తిరిగిచ్చావని కంపెనీవాళ్ళు ఉత్తరం రాశారు. ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందంటే నీ శీర్షిక ఆ వీడియోలు తీసే అమ్మాయికి ఇచ్చేస్తాను. ఏమీ అనుకోకు," అన్నాడు. మైలేజీకి యాభై ఆరేళ్ళు. ఆ శీర్షిక పోతే ఆయనకంటూ మిగిలేదేమీ లేదు. ఆ సంగతి సంపాదకుడికీ తెలుసు.

మైలేజీకి టేపు కొలతల మీద నమ్మకం లేదు. డిక్కీ కొలవాలంటే ఇంట్లో ఉన్న రెండు పెద్ద సూట్‌కేసుల్నీ బట్టలతో కుక్కి తెచ్చి పెడతాడు. వెనక సీటు కొలవాలంటే అత్తగారిని కూర్చోబెడతాడు. ఆవిడకి డెబ్భై రెండేళ్ళు, రెండు మోకాళ్ళూ మొరాయిస్తాయి. ఆవిడ ఎక్కి దిగగలిగితే లోకంలో ఎవరైనా ఎక్కి దిగగలరని ఆయన సిద్ధాంతం. ఆవిడా విసుక్కోకుండా ఇస్త్రీ బట్టలు కట్టుకుని, చేతిసంచీ పట్టుకుని కిందికి దిగొచ్చి, రెండు నిమిషాలు కూర్చుని, "బాగానే ఉంది" అనో "ఇరుకు" అనో చెప్పి పైకెళ్ళిపోతుంది.

ఆ రోజూ వచ్చింది. ముందు సీటు పక్కనున్న మీట లాగి, సీటు వంచి, ఆ సందులోంచి ఆవిడని లోపలికి పంపేసరికి ఇద్దరికీ తల ప్రాణం తోకకొచ్చింది. "కాలు ముందా, తల ముందా?" అని అడిగింది ఆవిడ. "ఏదో ఒకటి ముందు పెట్టండి అత్తయ్యా," అని ఆయన వెనకనుంచి రెండు చేతులా తోశాడు. కింది వాటా ఆవిడ మొక్కలకి నీళ్ళు పోస్తూ ఈ తోయడమంతా చూసింది. సూట్‌కేసులు డిక్కీలోకి ఎక్కడమూ చూసింది.

"ప్రయాణమా పిన్నిగారూ?"

"ఏమోనమ్మా, మా అల్లుడికే తెలియాలి," అంది అత్తగారు లోపలినుంచి.

మైలేజీ సీటు వెనక్కి వేసి, రెండు నిమిషాలు ఆగి, "ఎలా ఉంది?" అన్నాడు. "మోకాళ్ళు గడ్డానికి తగుల్తున్నాయి," అంది ఆవిడ. రాసుకున్నాడు. "సరే, దిగండిక," అంటూ మీట లాగాడు. మీట చేతిలోకి వచ్చేసింది. సీటు మాత్రం రాలేదు.

ఆయన సీటుని లాగాడు, నెట్టాడు, గుద్దాడు, బతిమాలాడు. కదల్లేదు. అవతలిపక్కకి జరగమందామంటే వెనక రెండు సీట్ల మధ్యా గట్టులాంటిదొకటి ఉంది. పైగా డ్రైవరు సీటుకీ అలాంటి మీటే ఉంది. అదీ ఊడొస్తే తను ఎక్కడ కూర్చుని నడపాలి? ఒక గీతకే ఉత్తరం రాసినవాళ్ళు, మీట విరిగిందంటే ఊరుకుంటారా?

"ఏమైంది నాయనా?"

"ఏం లేదు అత్తయ్యా. పరీక్ష ఇంకా కాస్త ఉంది," అని మీటని జేబులో వేసుకున్నాడు.

కంపెనీకి తెలియకుండా బాగుచేయించి సాయంత్రం ఏమీ ఎరగనట్టు తాళాలు ఇచ్చేద్దామనుకున్నాడు. తెలిసిన మెకానిక్ ఉన్నాడు, పది నిమిషాల పని. కారు రంకె వేసి గేటు దాటింది. కింది వాటా ఆవిడ నీళ్ళ డబ్బా కింద పెట్టి ఫోను అందుకోవడం ఆయన అద్దంలో చూశాడు గానీ పట్టించుకోలేదు. పట్టించుకోవలసింది.

రోజువారీ కారుగా దాన్ని బేరీజు వేయడం ఎలాగూ తప్పదు కనక దారిలోనే వేశాడు. గతుకు అక్కర్లేదు, చీమని తొక్కినా వెన్నుపూసకి తెలుస్తుంది. స్పీడుబ్రేకరు వచ్చిన ప్రతిసారీ ఆయన "అమ్మా" అన్నాడు, వెనకనుంచి ఆవిడా "అమ్మా" అంది. సిగ్నలు దగ్గర పక్కనున్న కుర్రకారు ఇంజన్ల మోత పెంచి పందానికి రమ్మని సైగ చేశారు. నడుం పట్టేసిన యాభై ఆరేళ్ళ మనిషి వాళ్ళకేసి నీరసంగా చూసి, అద్దం ఎత్తేశాడు.

మెకానిక్ కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. లోపలికి తొంగిచూసి, "బాగున్నారా అమ్మగారూ?" అని పలకరించి, పెదవి విరిచాడు. "సీటు కింద వైర్లున్నాయి సార్. విప్పుతుంటే ఎయిర్‌బ్యాగు పేలిందంటే నాకు సంబంధం లేదు. పోనీ డిక్కీలోంచి తీసేద్దామా? వెనక తలుపు పెద్దదే. సూట్‌కేసులు దించి, సీటు వీపు పడుకోబెట్టి, మెల్లిగా ఇలా లాగామంటే…"

"సామాను దింపే దారిన నన్ను దింపుతారా?" అంది అత్తగారు.

ఇద్దరూ తలలు దించుకున్నారు. సరిగ్గా అప్పుడే కారు మోగింది. మైలేజీ ఫోనుతో అది తనంతట తనే స్నేహం కలుపుకుంది. ఆ స్నేహం ఎలా విడగొట్టాలో ఆయనకి తెలియలేదు. కారు నాలుగు మూలలనుంచీ భార్య గొంతు షెడ్డంతా వినిపించింది.

"అమ్మని ఎక్కడికి పంపించేస్తున్నారు?"

"పంపించడమేమిటి? సీటు పరీక్ష."

"రెండు సూట్‌కేసులతోనా?"

"అవి డిక్కీ పరీక్షకి."

"తోసి మరీ ఎక్కించారట!"

"తొయ్యకపోతే ఎక్కలేరు మరి."

"నిన్న టీవీ సౌండు గురించి మీరూ అమ్మా రెండు మాటలు అనుకున్నంత మాత్రాన ఇంత పని చేస్తారా?"

మీట సంగతి చెప్పేస్తే పోయేది. కానీ భార్య పనిచేసేది బ్యాంకులో, అందులోనూ ఫిర్యాదుల కౌంటర్లో. రోజంతా అందరి చేతా తిట్లు తినడం వల్ల కాబోలు, ఇంట్లో ఏ వస్తువు పాడైనా అయిదు నిమిషాల్లో ఆ కంపెనీకి ఫోను చేసి కడిగిపారేస్తుంది. ఆయన భయమంతా ఆ ఒక్క ఫోనుకే. అందుకని నీళ్ళు నమిలి, "మీరైనా చెప్పండి అత్తయ్యా," అన్నాడు.

"నేను బాగానే ఉన్నానే అమ్మడూ. ఎటు తీసుకెళ్తే అటు పోతాను. నాదేముంది," అంది ఆవిడ.

అవతల ఫోను ఠక్కున పెట్టేసింది భార్య. "అదేం మాట అత్తయ్యా?" అని ఆయన ఏడుపుగొంతుతో అంటే, "ఉన్నమాటేగా," అంది.

ఇంకో రెండు షెడ్లు తిరిగారు. ఒకడు బోర్డు తిప్పేశాడు, ఇంకొకడు అసలు కారు పందేలకి ఇస్తారా అని అడిగాడు. పెట్రోలు ముల్లు మాత్రం ఎవరితో పనిలేకుండా కిందికి దిగింది. బంకులో పోయించుకుని, లోపల డబ్బు కట్టే క్యూలో పావుగంట నిలబడి వచ్చేసరికి అత్తగారు కళ్ళు మూసుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని ప్రశాంతంగా ఉంది. ఈవిడకేం, కొంప మునిగేది నాది కదా అనుకున్నాడు ఆయన.

బంకు దాటగానే బావమరిది ఫోను.

"బావా, అక్క చెప్పింది. అమ్మ వస్తోందటగా మా ఇంటికి? రెండు సూట్‌కేసులంటే… ఎన్నాళ్ళకి? మేం ఊళ్ళో లేం బావా. ఇప్పుడే బయల్దేరాం. పది రోజులు పడుతుంది. ఎందుకైనా మంచిది, నెలనుకో."

మైలేజీ ఫోను ఆపేద్దామని ఎదురుగా కనిపించిన బొత్తాలన్నీ నొక్కాడు. గాలి చల్లబడింది, పాటొకటి మొదలై ఆగింది, అద్దాలు తుడుచుకున్నాయి. బావమరిది గొంతు మాత్రం ఆగలేదు. "అమ్మకి నువ్వే ఏదో ఒకటి చెప్పు బావా, మంచివాడివి," అని అదే ముగించి అదే పెట్టేసింది.



"ఫోనులో కుక్క మొరిగింది విన్నావా? వాళ్ళ పక్కింటిది. ఊళ్ళోనే ఉన్నాడు వాడు," అంది ఆవిడ.

ఇంటికి పోదామా అంటే దింపడం ఎలా? పోనీ తప్పయిపోయింది అందామా అంటే ఏది తప్పని? ఆవిడ మీద మైలేజీకి జాలి పుట్టుకొచ్చింది. "అత్తయ్యా…" అన్నాడు.

"ఈ కారు బాగా పరిగెడుతుందన్నావు. ఏదీ? పొద్దుట్నుంచీ ఎద్దుబండిలా తోలుతున్నావు. గట్టిగా పోనీ నాయనా."

ఊరి చుట్టూ తిరిగే పెద్ద రోడ్డు ఎక్కించాడు. మధ్యాహ్నం, ఖాళీగా ఉంది. స్టీరింగు మీదున్న ఎర్రటి బొత్తాం నొక్కాడు. కారు ఒక్కసారి ముందుకి దూకింది. వెనకనుంచి కేక వినిపించి అదిరిపడి బ్రేకు మీద కాలు వేయబోయాడు. అది కేక కాదు, నవ్వు. పదకొండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటూ ఆవిడ నవ్వు ఎలా ఉంటుందో ఆయనకి తెలియదు. ఆ రోడ్డు చివరిదాకా పోయి వెనక్కి తిరిగారు. ఆవిడ అడిగింది కనక మళ్ళీ పోయారు.

అయిదింటికి కంపెనీ ఆవరణలోకి వచ్చేసరికి మైలేజీకి ఇక అబద్ధమాడే ఓపిక కూడా లేదు. భార్య సగం రోజు సెలవు పెట్టి, కారు అక్కడే అప్పజెబుతాడని తెలుసు కనక టాక్సీ కట్టించుకుని అక్కడికే వచ్చి, నడుం మీద చేతులు వేసుకుని నిలబడి ఉంది. తాళాలు తీసుకునే మనిషి అట్ట పట్టుకుని కారు చుట్టూ గీతలు వెతుకుతున్నాడు. మైలేజీ జేబులోంచి మీట తీసి అతని చేతిలో పెట్టాడు.

"తప్పు నాదే. విరిగింది. మా అత్తగారు పొద్దుట్నుంచీ లోపలే ఉండిపోయారు. ఉత్తరం రాసుకోండి."

ఆ మనిషి మీటకేసి చూసి తేలిగ్గా నవ్వాడు. "ఇదా సార్? ఇది పైన తొడుగు. ఊడిపోతూనే ఉంటుంది. మీకన్నా ముందు తీసుకున్నాయన కూడా జేబులోనే వేసుకొచ్చాడు." అని దాన్ని టకీమని దాని చోట అతికించి, సీటు వీపు పక్కన వేలాడుతున్న గుడ్డ పట్టీ లాగాడు. సీటు గౌరవంగా వంగింది.

మైలేజీ బానెట్ మీద చేరగిలబడ్డాడు. భార్య తల్లికి చెయ్యి అందించి, "ఎంత కష్టపడ్డావే అమ్మా, ఇన్ని గంటలు ఇందులో…" అంటూ కళ్ళు తుడుచుకుంది.

"కష్టమేముందే? ఆ పట్టీ నేను పొద్దున్నే చూశాను. పెట్రోలు బంకులో దిగి, మొహం కడుక్కుని, కాఫీ తాగి, ఆ పెట్రోలు పోసే అమ్మాయి చెయ్యిస్తే మళ్ళీ ఎక్కి కూర్చున్నాను," అంది ఆవిడ.

"దిగి మళ్ళీ ఎక్కారా?" మైలేజీ నోరు తెరిచాడు. "నేను పొద్దుట్నుంచీ చస్తూ బతుకుతుంటే ఒక్కమాట చెప్పకూడదా అత్తయ్యా?"

"పదకొండేళ్ళలో ఎన్ని కార్లు ఎక్కించావు నాయనా? అరవై ఉంటాయా? ఒక్కటైనా గేటు దాటిందా? రెండు నిమిషాలు కూర్చో, దిగు, పైకెళ్ళు. ఇవాళ దాటింది. దిగితే మళ్ళీ ఇంటికేగా."

తాళాల మనిషి అట్ట మీద ఏదో రాసుకుంటున్నట్టు తల దించుకున్నాడు. మైలేజీ మెల్లిగా వచ్చి, అత్తగారి కోసం ముందు సీటు తలుపు తెరిచి పట్టుకుని, "తాళాలు అరగంట ఆగి ఇస్తానండీ," అన్నాడు ఆ మనిషితో.

ఆ సాయంత్రం సంపాదకుడికి చేరిన సమీక్షలో కారు ఇరుకనీ, మొరటనీ, నడుం విరుస్తుందనీ, పెట్రోలు తెగ తాగుతుందనీ అన్నీ ఉన్నాయి గానీ, వెనక సీటు గురించి ఒక్క చెడ్డమాట లేదు.