రత్నం గారి అభిప్రాయం

శనివారం పొద్దున్న ఏసుపాదం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కాఫీ తాగడం, కంప్యూటర్‌కి మోడెమ్ తగిలించడం, తను రాసిన పాట మీద ఒక్క నిజమైన అభిప్రాయం సంపాదించడం, మధ్యాహ్నానికల్లా పాట దిద్దేయడం. రెండు వారాల్లో అతని భార్య దేవకుమారి జ్ఞాపకార్థ కూడిక ఉంది. ఆవిడ పోయి ఏడాది. ఆ రోజు చర్చిలో పాడటానికి ఆవిడకి తగిన పాట ఒకటి ఉండాలని అతని కోరిక. అంతకు మించి ఈ లోకంలో అతనికి పెద్ద పనులేమీ మిగల్లేదు.

ఇది 1987 నాటి మాట. అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో మందుల కంపెనీ కెమిస్టు ఏసుపాదం, క్యారీలో ఇంజనీరు దైవాశీర్వాదం, ఇంకా అక్కడొకరు ఇక్కడొకరుగా ఉన్న ఇరవై మంది తెలుగు క్రైస్తవులు ఫోన్ లైన్ల మీద ఒక కంప్యూటర్ బోర్డు నడుపుకునేవారు. బోర్డు యజమాని దైవాశీర్వాదం. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పాటలూ కథలూ పెడితే, మిగతావాళ్ళు చదివి అభిప్రాయం రాయాలని నియమం. రాసేవారు కూడా. చదవడానికే అరగంట పట్టే పాటకి పావుగంటలో "అద్భుతం బ్రదర్" అని వచ్చేసేది.

దేవకుమారి ఉన్నన్నాళ్ళూ అతనికి ఈ బాధ లేదు. ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ వినేది. "మూడో చరణం తీసెయ్యండి. దేవుడికైనా ఓపిక ఉండొద్దూ?" అనేది. అతను అలిగేవాడు, తీసేసేవాడు, పాట బాగుపడేది. ఇప్పుడు పదకొండు చరణాలు రాసుకుని కూర్చున్నాడు. ఒకదాంట్లో ఆవిడ చదివిన బడి, ఒకదాంట్లో వీసా, తొమ్మిదో దాంట్లో ముగ్గురు డాక్టర్లు, వాళ్ళ డిగ్రీలతో సహా. ఎక్కడో చెడిందని తెలుస్తోంది, ఎక్కడో తెలియడం లేదు. తీసెయ్యమని చెప్పే మనిషి లేదు.

"దయచేసి నిజం చెప్పండి" అని పాట బోర్డులో పెట్టాడు. సాయంత్రానికి తొమ్మిది అద్భుతాలు వచ్చాయి. దైవాశీర్వాదం అయితే చదివి ఏడ్చానని రాశాడు. ఏసుపాదం ఉండబట్టలేక ఫోన్ చేశాడు.

"ఏ చరణం దగ్గర ఏడ్చారు బ్రదర్?"

"అన్నిటి దగ్గరా బ్రదర్."

"వీసా చరణం దగ్గర కూడానా?"

"వీసా ఉందా అందులో? రేపు ప్రింట్ తీసి తీరిగ్గా చదువుతా లెండి."

అప్పుడు పుట్టింది ఆ పాడు ఆలోచన. ఒకరు మొదలుపెడితే మిగతావాళ్ళకి ధైర్యం వస్తుందనుకుని, ఏసుపాదం "రత్నం, డబ్లిన్, కాలిఫోర్నియా" అనే పేరుతో బోర్డులో చేరి తన పాటని తనే విమర్శించాడు. "సమాచారం ఎక్కువ, దుఃఖం తక్కువ. సగానికి పైగా తీసేయవచ్చు" అని రాశాడు. రాస్తుంటే అతనికే కళ్ళనీళ్ళు వచ్చాయి.

సోమవారానికి బోర్డు భగ్గుమంది. పుండు మీద కారం చల్లుతావా అని ఒకరు, గొర్రెతోలు కప్పుకున్న తోడేలువి అని ఇంకొకరు. రత్నాన్ని తిట్టిన ఉత్తరాలన్నీ పాటకంటే బాగా కుదిరాయి. క్యారీలో నర్సుగా పనిచేసే వసంతకుమారి ఒక్కతే మరోలా రాసింది. "రత్నం గారు మర్యాదగానే చెప్పారు. ఆసుపత్రి మంచం మీద నుంచి ఆవిడ మీ చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నారని చెప్పే నాలుగో చరణం ఉంది చూశారూ, అదొక్కటే పాట. మిగతావన్నీ దానికి అడ్డం."

ఏసుపాదం దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. ఏడాదిగా అతని చెవికి కావలసిన మాట అది. లైను కట్ చేసి, ఆవిడకి ఏం జవాబు రాయాలా అని ఆలోచిస్తుంటే ఫోన్ మోగింది. దైవాశీర్వాదం.

"దొంగ దొరికింది బ్రదర్! రత్నం లేడు, గిత్నం లేడు. అంతా ఆ వసంతకుమారే. మొన్న సమ్మర్‌లో చెల్లెల్ని చూడ్డానికి కాలిఫోర్నియా వెళ్ళొచ్చింది కూడాను. బోర్డులోంచి తీసేశాను."

"అయ్యో, ఆవిడ కాదండీ."

"మీరు మంచోళ్ళు కాబట్టి అలాగే అంటారు."

నేనే రత్నాన్ని అనే మాట గొంతు దాకా వచ్చి ఆగింది. చనిపోయిన భార్య పాటకి దొంగపేరు అడ్డం పెట్టుకున్నాడని ఇరవై మందికీ తెలిసిపోతుంది. సిగ్గుతో చచ్చిపోయాడు. రేపు చెబుదాంలే అనుకున్నాడు. పిరికివాడికి రేపు ఉన్నంత కాలం ఏ లోటూ ఉండదు.

మర్నాటికి బోర్డంతా కూడికకి రావడానికి తీర్మానించుకుంది. చర్చిలో హార్మోనియం వాయించే ఆనందబాబు రాగం కట్టి, వంద కాపీలు తీయించాడు.

"మూడు చరణాలు చాలేమో, ఆనందబాబు గారూ. అసలు నాలుగోది ఒక్కటున్నా చాలు," అన్నాడు ఏసుపాదం.

"ఆ రత్నానికి భయపడతారేంటండీ? ఒక్క అక్షరం కూడా తియ్యనివ్వం!"

అతను తగ్గించమన్న కొద్దీ వాళ్ళకి పట్టుదల పెరిగింది. ఇక దాచి లాభం లేదని, కూడిక నాడు ఏసుపాదం మైకు అందుకున్నాడు.

"రత్నం ఎవరో కాదు, నేనే. వసంతకుమారి గారికి ఏ పాపం తెలీదు. ఈ పాట బాగాలేదు. ఆ మాట ఎవరైనా అంటారేమోనని అలా చేశాను."

వెనక బెంచీల్లో వెక్కిళ్ళు మొదలయ్యాయి. దైవాశీర్వాదం లేచి నిలబడ్డాడు.

"చూశారా! తనని ఏడిపించిన మనిషి తప్పుని తన నెత్తిన వేసుకుంటున్నాడు! క్రీస్తు ప్రేమంటే ఇదీ!"

"ఆమెన్!" అంది హాలు.

"నిజంగా నేనేనండీ!"

"చాలు బ్రదర్, మేం తట్టుకోలేం," అని దైవాశీర్వాదం మైకు లాక్కుని అతన్ని కౌగిలించుకున్నాడు. ఆ కౌగిలి ఊడేసరికి ఆనందబాబు పల్లవి అందుకున్నాడు. అది అద్దెకి తీసుకున్న అమెరికన్ల చర్చి, నాలుగింటికి వాళ్ళ పెళ్ళి ఉంది. మూడో చరణం అవుతుండగానే పూలబుట్టలు పట్టుకుని పెళ్ళివాళ్ళు గుమ్మంలో నిలబడ్డారు.

సాయంత్రం ఏసుపాదం క్యారీకి ఫోన్ చేసి, వసంతకుమారికి ఉన్నదంతా చెప్పి క్షమాపణ అడిగాడు. ఆవిడ నమ్మింది. తిట్టలేదు.

"పోనీలెండి. నాలుగోది బాగా పాడారా?" అని అడిగింది.

"పెళ్ళివాళ్ళు వచ్చేశారండీ. టైమ్ లేదని ఒక్క చరణం వదిలేసి మిగతా పదీ పాడారు. అదే వదిలేశారు."

వసంతకుమారి చాలాసేపు ఏమీ అనలేదు. ఆ పాట మీద ఆ రోజు వచ్చిన అభిప్రాయాల్లో నిజమైనది అదొక్కటే.