స్టోర్సులో అప్పగించిన నమ్మకం

ప్రొఫెసర్ దాసరి వీరభద్రం, ముప్ఫయ్యొక్క ఏళ్ళ కిందట యూనివర్సిటీ స్టోర్సులో అప్పగించిన తన దైవభక్తిని వెనక్కి తెచ్చుకుందామని మంగళవారం పదిన్నరకు వెళ్ళాడు. మతవిశ్వాసం మనిషికి సుఖాన్నిస్తుందో లేదో తేల్చబోయేవాడు ముందు తన విశ్వాసాన్ని అప్పగించాలన్నది ఫిలాసఫీ శాఖ నిబంధన. ఆయన స్టీలు క్యారేజీలో పెట్టి ఇచ్చి రసీదు తీసుకున్నాడు. నమ్మేవాళ్ళే కాస్త సుఖంగా ఉన్నారని పన్నెండేళ్ళకు తేల్చాడు. శాలువా కప్పారు. ఆ సంబరంలో క్యారేజీ సంగతి మరిచిపోయాడు.

ఇప్పుడు అవసరం పడింది. భార్య సత్యవేణికి మర్నాడు గుండె ఆపరేషన్. ముడుపు కడదామని పసుపుగుడ్డలో రూపాయిబిళ్ళ పెట్టుకుని కూర్చుంటే ముడి జారిపోతోంది. నమ్మకం లేని చేతికి ముడి పడదని ఆయన పుస్తకంలోనే నాలుగో అధ్యాయంలో ఉంది. చిన్నప్పుడు టైఫాయిడ్ వస్తే అమ్మ ఇట్టే కట్టేసింది. ఆ తడి పసుపు వాసన, ఇక ఏమీ కాదులే అన్న ఆ నిశ్చింత ఎంత బాగుండేవో! అంత హాయైన నిద్ర ఆయనకు మళ్ళీ పట్టలేదు.

స్టోర్‌కీపర్ పైడితల్లి రిజిస్టరు తిరగేసింది. పరీక్షల రోజుల్లో పిల్లలకు ఇక్కడి నమ్మకాలను వారం గడువుతో అరువిస్తుంటారు గనక దాని అట్టలు బాగా నలిగాయి.

"మీది ఇక్కడ లేదు మాస్టారూ. మీరిచ్చిన మర్నాడే మేడంగారు పట్టుకెళ్ళారు. ఏటేటా వచ్చి గడువు పొడిగించుకుంటన్నారు."

"సత్యవేణా? దేనికి?"

పైడితల్లి 'అవసరం' అన్న గడి చూపించింది. ఆయన దగ్గు. ఆయన రైలు ప్రయాణం. ఆయన పరిశోధన. నిన్నటి తేదీతో: నేను పోతే ఆయనకు అన్నం పెట్టే దిక్కు.

వీరభద్రం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనకు సిగ్గేసింది.

"రద్దు చెయ్యమంటే ఆస్పత్రికి మనిషిని పంపి తెప్పిస్తాను," అంది పైడితల్లి. "ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు లెండి. ఇక్కడి ప్రొఫెసర్లవన్నీ ఇళ్ళల్లో ఆడోళ్ళ దగ్గరే ఉన్నాయి."

"వద్దు, ఆవిడ దగ్గరే ఉండనివ్వండి. ఇంకో ఏడాదికి రాయండి. అవసరం దగ్గర ఆవిడ గుండె అని పెట్టండి."

"అలా కుదరదు మాస్టారూ. నమ్మకం ఎవరిదో వాళ్ళ అవసరమే రాయాలి."

పైడితల్లి 'ఆయన భోజనం' అని రాసి ముద్ర వేసింది. వీరభద్రం కింద సంతకం పెట్టి, సత్యవేణి ఆస్పత్రికి వెళ్తూ వండిపెట్టి పోయిన అన్నం తినడానికి ఇంటికి బయలుదేరాడు.