మార్లిస్ చెయ్యని సలాడ్

ఆ శనివారం ఉదయం ఆర్విడ్ లోకెన్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. కాఫీ తాగి, కొత్తగా కొన్న పాత పిస్తోలును శుభ్రం చెయ్యాలి. మధ్యాహ్నం ఊరి తుపాకీ క్లబ్బు సమావేశంలో దాన్ని అందరి ముందూ విప్పి, బిగించి చూపించాలి. సాయంత్రానికల్లా క్లబ్బు భద్రతాధికారిగా ఇంటికి రావాలి. ఆ పదవి కోసం అతను ఏళ్ళ తరబడి కాచుకుని ఉన్నాడు. భద్రతాధికారి ఈల ఊదితే మేయరైనా సరే తుపాకీ కింద పెట్టాల్సిందే. పోటీలో ఉన్న రెండోవాడు సొంత బావమరిది డ్యుయేన్. ఆ పిస్తోలు అమ్మినవాడూ అతనే. "నీ ప్రదర్శనకి పనికొస్తుంది బావా, ఉంచుకో" అంటూ నిన్న సాయంత్రం పెట్టె చేతిలో పెట్టి వెళ్ళాడు.

తీరా చూస్తే పిస్తోలు మొండికేసింది. పిడిలోంచి తూటాల మేగజీను ఊడి వచ్చింది గానీ, పైన ముందుకూ వెనక్కూ జారవలసిన స్లైడు మాత్రం అంగుళం కదల్లేదు. ఆర్విడ్ లాగాడు. గుడ్డ చుట్టి లాగాడు. నూనె పోసి, రెండో కప్పు కాఫీ తాగి వచ్చి మళ్ళీ లాగాడు. స్లైడు వెనక్కి వస్తే తప్ప గొట్టంలో తూటా ఉన్నదీ లేనిదీ తెలియదు.

"అదేమన్నా జామ్ సీసా మూతా, అలా పళ్ళు బిగించి పీకుతున్నావ్?" అంది అతని భార్య మార్లిస్, నల్ల గౌను ఇస్త్రీ చేసుకుంటూ.

"నాకు లొంగని పిస్తోలు ఈ జిల్లాలో లేదు."

"పాపం, దానికా సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు."

క్లబ్బు నిబంధనల్లో ఒకదాన్ని ఆర్విడ్ స్వయంగా రాశాడు. బిగుసుకుపోయిన తుపాకీలో తూటా ఉన్నట్టే లెక్క. అది తెరుచుకునేదాకా గొట్టాన్ని ఇసుకలో పాతి, మనిషి పక్కనే ఉండాలి. కిందటేడు ఇదే నిబంధన పేరు చెప్పి డ్యుయేన్‌ను నెలరోజులు గేటు బయట నిలబెట్టించాడు. అందుకని ఇప్పుడు స్కూలు వంటశాలలో పారేసిన పెద్ద బకెట్టు ఒకటి తెచ్చి, తడి ఇసుక నింపి, అందులో పిస్తోలును తలకిందులుగా పాతాడు. దాన్ని తెరవగలిగిన మనిషి ఊళ్ళో ఒక్కడే, తుపాకీలు బాగుచేసే వెండెల్. అతను ఏడాది మొత్తానికి పది మాటలు మాట్లాడతాడు గనుక సంగతి డ్యుయేన్ చెవిన పడే ప్రమాదం లేదు. చిక్కల్లా ఏమిటంటే, వెండెల్ ఆ పూట చర్చిలో ఉన్నాడు. ముసలి ఇంగ్వాల్డ్ శవపేటిక మోసేవాళ్ళలో అతనొకడు.

"చర్చికి పిస్తోలు పట్టుకెళ్తావా?"

"నేను పట్టుకెళ్ళేది ఇసుక. అందులో పిస్తోలు ఉంది, అంతే."

"పైన ఏదన్నా కప్పి తగలడు. జనం చూస్తే బాగుండదు." మార్లిస్ తన గళ్ళ వంటింటి తువ్వాలు తెచ్చి, బకెట్టు మీద పరిచి, అంచు చుట్టూ దారం కట్టి ముడి వేసింది.

తెలిసి తెలిసి ఆ పని ఎలా చేసిందో ఆమెకే తరవాత అర్థం కాలేదు. నార్త్ డకోటాలో అంత్యక్రియల రోజున తువ్వాలు కప్పిన పాత్ర చర్చి మెట్లు దిగిందంటే దానికి ఒకటే అర్థం: ఖననం తరవాతి విందుకు ఎవరో వండి తెచ్చారని.

చర్చి కింది అంతస్తులో వంటగది ఉంది. వంటగదిలో ఎల్వీరా ఉంది. ఊళ్ళో సగం మందికి చర్చి ఆదివారపు బడిలో చెవి మెలేసి ప్రార్థనలు నేర్పిన మనిషి. ఆర్విడ్ ఆఖరి మెట్టు మీద కాలు పెట్టేలోపే ఆమె బకెట్టు పిడి అందుకుంది.

"మార్లిస్ బంగాళాదుంప సలాడేనా? ఎంత బరువుందిరా. పాపం, ఎన్ని దుంపలు వలిచిందో."

"ఎల్వీరా గారూ, అది..."

"తెలుసు, గుడ్ల మయొనీస్ వేసింది. బయట పెడితే పాడైపోతుంది. ముందు నువ్వు వెళ్ళి చేతులు కడుక్కో, గ్రీజు కంపు కొడుతున్నావ్."

బకెట్టు పెద్ద ఫ్రిజ్‌లోకి వెళ్ళింది. ఫ్రిజ్‌కు తాళం పడింది. తాళంచెవి ఎల్వీరా జేబులోకి చేరింది. ఆర్విడ్ ఒక్క క్షణం ఆలోచించి, ఏమీ మునిగిపోలేదని తేల్చుకున్నాడు. చుట్టూ ఉక్కు తలుపులు, గొట్టం నేల వైపుకు, పైన తాళం. ఇంతకంటే భద్రమైన చోటు క్లబ్బులో కూడా లేదు. వెండెల్‌ను పట్టుకుంటే చాలు.

వెండెల్ దొరికాడు. దొరికేసరికి అతని చేతిలో శవపేటిక పిడి ఉంది. దాన్ని దించమని అడిగే ధైర్యం ఆర్విడ్‌కు కూడా లేకపోయింది. పక్కనే నడుస్తూ, "వెండెల్, స్లైడు బిగుసుకుపోయింది" అని చెవిలో ఊదాడు.

వెండెల్ పేటికను చూశాడు, ఆర్విడ్‌ను చూశాడు. "తర్వాత" అన్నాడు, ఆ ఏడాది కోటాలోంచి ఒక మాట ఖర్చుపెట్టి.

ఆర్విడ్ మళ్ళీ కిందికి వచ్చేసరికి వార్త పాకిపోయింది. మార్లిస్ సలాడ్ వచ్చిందని ఎల్వీరా ఇంగ్వాల్డ్ భార్యకు చెప్పడం, ఆయనకి అదంటే ప్రాణం అంటూ ఆవిడ కళ్ళు తుడుచుకోవడం కూడా అయిపోయాయి. ఇక తెలివి ఉపయోగించక తప్పలేదు.

"ఎల్వీరా గారూ, నాదే పొరపాటు. ఆ బకెట్టు ఇక్కడికి కాదు. మార్లిస్ మా క్లబ్బు భోజనానికి చేసింది."

ఎల్వీరా కళ్ళద్దాలు కిందికి దించి అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "అంటే పోయినవాడికంటే తుపాకీలవాళ్ళ ఆకలి ఎక్కువన్నమాట. సరే నాయనా, క్లబ్బుది క్లబ్బుకే పోనీ. మాకొద్దు." ఫ్రిజ్ తెరిచి, బకెట్టు తీసి, వెనక తలుపు వైపు తిరిగి కేక వేసింది. "డ్యుయేన్, నువ్వు క్లబ్బుకేగా వెళ్ళేది? ఇది కూడా పట్టుకుపో."

సమావేశానికని చర్చి కుర్చీలు ట్రక్కులోకి ఎక్కిస్తున్న డ్యుయేన్ నవ్వుతూ లోపలికొచ్చాడు.

"నేనే తీసుకెళ్తాను" అన్నాడు ఆర్విడ్.

"నువ్వు ఏది ఎక్కడికి తీసుకెళ్తావో ఇందాకే చూశాం" అంది ఎల్వీరా.

"అక్క చేతి సలాడ్ పెట్టి ఓట్లు లాగుదామనా బావా? కానీ, కానీ. నేనే దగ్గరుండి వడ్డిస్తా" అన్నాడు డ్యుయేన్.

నిజం చెప్పడానికి ఆర్విడ్ నోరు తెరిచాడు. చెబితే పదవి అక్కడికక్కడే బావమరిది ఒళ్ళో పడుతుంది. తెరిచిన నోటిని ఖాళీగా మూయడం ఇష్టంలేక, "అది పక్కకి ఒరక్కుండా చూడు" అన్నాడు.

"సలాడ్‌కి ఇంత గారాబమా? సీటు బెల్టు పెడతాలే."

ఆర్విడ్ తన పికప్పును రోడ్డెక్కించేసరికి ఎదురుగా ఇంగ్వాల్డ్ ఊరేగింపు ఉంది. కార్లన్నీ పట్టపగలు దీపాలు వెలిగించుకుని, నడకకు కాస్త ఎక్కువ వేగంతో శ్మశానానికి సాగుతున్నాయి. ఆ ఊళ్ళో పెళ్ళాం పురుటికి వెళ్ళేవాడైనా శవయాత్రను దాటి వెళ్ళడు. ఆర్విడ్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, దీపాలు వేసుకుని, తోకలో చేరాడు. దారి పక్కన ఆగిన ట్రాక్టర్ల వాళ్ళు అతనికి కూడా తలలు వంచి నమస్కరించారు. తన ఎన్నికల గురించే ఆలోచిస్తున్న ఆర్విడ్‌కు ఆ సానుభూతి సబబుగానే తోచింది. అయినా పేటిక దించగానే వెండెల్‌ను రెక్క పుచ్చుకుని పికప్పులో కూలేశాడు.

"తూటాలెవరివి?" అన్నాడు వెండెల్.

"ఉంటే గింటే డ్యుయేన్‌వే. వాడే ఇంట్లో కూర్చుని తయారు చేసుకుంటాడుగా."

వెండెల్ కళ్ళు మూసుకున్నాడు. క్లబ్బు చేరేదాకా తెరవలేదు.

క్లబ్బు హాల్లో ఎవరూ కూర్చుని లేరు. సభ్యులందరూ, మేయరుతో సహా, చేతుల్లో కాగితం పళ్ళేలతో వెనక గోడకు ఆనుకుని బడిపిల్లల్లా వరసగా నిలబడ్డారు. హాలు మధ్యలో బల్ల మీద బకెట్టు ఒంటరిగా ఉంది. దారం తెగి, తువ్వాలు సగం జారి ఉంది. కింద ఒక గరిటె పడి ఉంది. బల్లకు ఇవతల మార్లిస్, ఆమె పక్కన నడుం మీద చేతులు వేసుకుని ఎల్వీరా ఉన్నారు. విందుకు చర్చికి వెళ్ళిన మార్లిస్‌ను చూసి, "నీ సలాడ్ క్లబ్బుకి పంపేశాం" అని ఎల్వీరా అందట. ఆ బకెట్టులో ఉన్నదేమిటో మార్లిస్ అప్పుడు చెప్పిందట. అడ్డదారిన కారు తోలుకుని ఇద్దరూ గరిటె దిగే వేళకు వచ్చిపడ్డారు.

"రా నాయనా, నీ కోసమే చూస్తున్నాం. వెళ్ళి గోడకి నిలబడు" అంది ఎల్వీరా.

ఆర్విడ్ వెళ్ళి డ్యుయేన్ పక్కన నిలబడ్డాడు.

"గరిటె పెట్టి తవ్వబోయాను బావా" అన్నాడు డ్యుయేన్. "పైన ఇసుక చూసి, ఈసారి అక్క మిరియాలు బాగా దట్టించిందనుకున్నా."

"మాటలొద్దు" అంది ఎల్వీరా. మాటలు ఆగిపోయాయి.

వెండెల్ బకెట్టును బయట తూటాలను ఆపే మట్టిగట్టు దగ్గరికి మోసుకెళ్ళాడు. లోపలున్నవాళ్ళు కూర్చున్నారు. కూర్చోమని ఎల్వీరా అప్పటికి అనుమతి ఇచ్చింది. కాసేపటికి వెండెల్ ఒక చేతిలో తెరిచిన పిస్తోలు, రెండో చేతిలో ఒక తూటాతో తిరిగొచ్చి, తూటాను బల్ల మీద పెట్టాడు. నడుం ఉబ్బిన తూటా. కొలత తప్పి గొట్టంలో ఇరుక్కుని స్లైడును పట్టేసింది. పేలడానికి దానికి ఏ అభ్యంతరమూ లేదు.

ఆర్విడ్ తూటాను చూసి లెక్క వేసుకున్నాడు. నెగ్గినట్టే. "చూశారుగా" అన్నాడు లేచి. "తూటా ఉన్న పిస్తోలు అమ్మినవాడు ఒకడు. ఉందేమోనని ఇసుకలో పెట్టి కాపాడినవాడు ఒకడు. భద్రత అంటే ఏమిటో వేరే చెప్పాలా?"

"అమ్మేముందు తెరిచి చూశావా?" అని ఎల్వీరా డ్యుయేన్‌ను అడిగింది.

"నా పిస్తోలు సంగతి నాకు తెలియదా అనుకున్నానండీ."

"తీసుకునేటప్పుడు తెరిచి చూశావా?" అని ఆర్విడ్ వైపు తిరిగింది.

"ఇంటి మనిషి ఇచ్చింది వాడి ఎదురుగానే తెరిచి చూస్తే ఏం బాగుంటుందండీ."

"పైగా దాన్ని వాడి చేతికే పోనిచ్చావు, సలాడని."

ఆర్విడ్ తనకు కేటాయించిన కుర్చీలో కూర్చున్నాడు. అప్పుడు వెండెల్ లేచాడు. అతను సభలో మాట్లాడడం అప్పటిదాకా ఎవరూ వినలేదు.

"నేనొచ్చేసరికి వీళ్ళంతా గోడ దగ్గరున్నారు. ఒక్కడూ బకెట్టు ముట్టుకోలేదు. ఈ క్లబ్బులో అలాంటిది నేనెప్పుడూ చూడలేదు. ఎల్వీరా గారి పేరు ప్రతిపాదిస్తున్నా."

"నాకు తుపాకీలంటే గిట్టదు" అంది ఎల్వీరా.

"అదే కావలసింది" అన్నాడు మేయరు, పళ్ళెం దించకుండానే.

చేతులు ఒకటొకటిగా లేచాయి. డ్యుయేన్ చెయ్యి కూడా లేచింది. ఆర్విడ్ తనూ ఎత్తాడు. ఎత్తకపోతే ఎందుకెత్తలేదని అడిగే మనిషి ఎదురుగానే ఉంది. ఇంటికి వెళ్ళేటప్పుడు, సరైన మనిషిని క్లబ్బుకు పరిచయం చేసిన ఘనత ఆలోచిస్తే తనదేనని మార్లిస్‌కు వివరించాడు. ఆమె ఆ సాయంత్రమే ఇంగ్వాల్డ్ ఇంటికి పంపవలసిన సలాడ్ కోసం దుంపలు కొనడానికి దారిలో బండి ఆపమంది.

ఆ ఏడాది క్లబ్బు కాల్పుల రేంజిలో ఒక్క ప్రమాదం కూడా జరగలేదు. అక్కడికి వెళ్ళి కాల్చే సాహసం ఎవరూ చెయ్యలేదు.