గర్భాశయం తీసేసిన బ్యానరు

చొక్కాల కంపెనీ సంక్షేమ సంఘం వారు తమ కంపెనీలో పనిచేసే ఆడవాళ్ళను క్యాన్సర్ నుంచి కాపాడాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. సంఘంలో ఆడవాళ్ళెవరూ లేరు కాబట్టి ఏకగ్రీవానికి ఎలాంటి ఆటంకమూ కలగలేదు. టీ తాగారు. అధ్యక్షుల వారికి చప్పట్లు కొట్టారు. ఇంతటి త్యాగానికి ఆడజాతి ఎలా కృతజ్ఞత చెప్పుకుంటుందో పాపం అని కాసేపు జాలిపడ్డారు కూడా.

ఈ కబురు కుట్టు హాల్లోకి వచ్చినప్పుడు కాజాలక్క తల ఎత్తలేదు. చొక్కాలకు కాజాలు కుట్టే మిషను ముందు ఏళ్ళ తరబడి కూర్చున్న మనిషి కనుక ఆమెకా పేరు. తల ఎత్తలేదు గానీ పెడల్ మీద కాలు ఆగిపోయింది. ముట్లుడిగి రెండేళ్ళయింది. అయినా కొన్నాళ్ళుగా మళ్ళీ ఎర్రగా కనిపిస్తోంది. నడుం లాగేస్తోంది. మొగుడితో చెబితే "వేడి చేసుంటుందిలే, నీళ్ళు తాగు" అన్నాడు. ఆయన లారీలు బాగుచేస్తాడు. ఇంజను కింద ఒక్క నూనె చుక్క కనిపిస్తే బండిని కదలనివ్వడు. పెళ్ళానికి ఆ సదుపాయం లేదు.

శిబిరంలో ఎవరో ఒకరిని అడగొచ్చులే అనుకుంది కాజాలక్క.

ఇక బ్యానరు సంగతి. ఆరోగ్య కేంద్రం నర్సమ్మ రాయించి పంపిన మాటలు ఇవి: "గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షా శిబిరం". అధ్యక్షుల వారు తేలు కుట్టినట్టు లేచారు.

"గర్భాశయమా! రోడ్డు మీద కట్టేదయ్యా ఇది! పిల్లలు చదువుతారు!"

ఆ పిల్లలు ఎక్కడినుంచి బయటికొచ్చారో వారికి ఎవరూ గుర్తుచేయలేదు. కత్తి లేకుండా, మత్తు లేకుండా, సంఘం వారు బ్యానరుకు గర్భాశయం తీసేశారు. బ్యానరు క్షేమం.

మిగిలింది "ముఖద్వార క్యాన్సర్ పరీక్షా శిబిరం". దాన్ని తీసుకెళ్ళి సరిగ్గా కంపెనీ ముఖద్వారానికే కట్టారు. వాచ్‌మన్ లబోదిబోమంటూ ఆఫీసులోకి పరిగెత్తాడు. "నా గేటుకు క్యాన్సరేంటి సార్? పొద్దున్నే బందులకు నూనె కూడా వేశాను. ఏదైనా ఉంటే నాతో చెప్పాలి గానీ, ఇలా బోర్డు కట్టి పరువు తీస్తారా?" సంఘం అత్యవసరంగా సమావేశమై, వాచ్‌మన్ మనోభావాలను గౌరవిస్తూ "ద్వార" కూడా పీకేసింది. గేటుకు కష్టమొస్తే అడిగే నాథుడున్నాడు, చూశారా.

ఇక మిగిలింది "ముఖ క్యాన్సర్". సంఘం కార్యదర్శి కుట్టు హాలు సూపర్‌వైజరు, కాజాలక్కకు స్వయానా మరిది. చిన్నప్పుడు నాలుగు శ్లోకాలు బట్టీపట్టినవాడు. "సంస్కృతంలో ముఖం అంటే నోరే" అని తేల్చిపారేశాడు. పండితుడు చెప్పాక ఇంకేముంది? పళ్ళ డాక్టరుకు కబురు వెళ్ళింది.

శిబిరం రోజున పళ్ళ డాక్టరుకు హాలు మధ్యలో గద్దెలాంటి కుర్చీ వేసి, ఫ్యాను తిప్పారు. నర్సమ్మ కూడా వచ్చింది. పిలిచిన సంగతి వీళ్ళు మర్చిపోయారు గానీ, వస్తానన్న మాట ఆవిడ మర్చిపోలేదు. ఆవిడకు గుడ్డపీలికలు పోసే గది ఇచ్చారు. తలుపుంది, గడియ లేదు.

"ఇక్కడ పరీక్ష ఎలా చేయమంటారండీ? నోట్లోంచి టార్చి వేసి చూడమంటారా?" అంది నర్సమ్మ.

"చూడండమ్మా. ఎటు నుంచి చూస్తేనేం, మనిషి ఒకటేగా" అన్నారు అధ్యక్షులు, పెద్ద మనసుతో.

కాజాలక్క ఉతికిన చీర కట్టుకుని నేరుగా పీలికల గది వైపే నడిచింది. గుమ్మం దగ్గర మరిది అడ్డం తగిలాడు.

"వదినా, అటెక్కడికి? లైను ఇటు."

"నర్సమ్మతో ఒక్క మాట, అంతే..."

"ఆ గదిలోకి వెళ్ళేది ఎవరో తెలుసా? తేడా ఉన్నవాళ్ళు. అన్నయ్య పరువేం కాను? సంసారివి, నీకెందుకు ఆ గోల?"

వెనక లైన్లోంచి, చొక్కాలకు బొత్తాలు కుట్టే బొత్తాల పిల్ల కిసుక్కున నవ్వింది. "ఏంటక్కా, ఈ వయసులో విశేషమా?"

"ఛీ పోవే, దారి తప్పాను" అని కాజాలక్క కూడా నవ్వేసింది. నవ్వి, వచ్చి నోళ్ళ లైన్లో నిలబడింది.

అధ్యక్షుల వారు ప్రసంగించారు. "స్త్రీ సాక్షాత్తూ దేవత. దేవతకు నోరుంటుంది. ఆ నోటిని శుభ్రంగా ఉంచుకోవడం, వీలైనంతవరకు మూసి ఉంచుకోవడం, కుటుంబ ఆరోగ్యానికి పునాది." చప్పట్లు. కోశాధికారి కళ్ళు తుడుచుకున్నాడు.

వందన సమర్పణ కోసమని నర్సమ్మకు మైకిచ్చారు. ఆవిడ వందనాలు ఎగ్గొట్టి విషయం చెప్పింది. "ఈ క్యాన్సర్ ఎవరి పాపమూ కాదు, ఎవరి శాపమూ కాదు. దాదాపు ప్రతిసారీ దీనికి కారణం ఒక వైరస్. చాలామందికి సోకుతుంది, చాలామందికి దానంతటదే పోతుంది. కొందరిలోనే ఏళ్ళ తరబడి తిష్ఠవేసి పుండు పెడుతుంది. మీ ఆడపిల్లలకు చిన్న వయసులోనే టీకా వేయించండి."

"మా పిల్లలు అలాంటివాళ్ళు కాదు!" అని కోశాధికారి లేచాడు. ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా పడ్డాయి.

"భయపడాల్సిన పని లేదు" అంది నర్సమ్మ. "ఈ వైరస్ మీకు మీ మగవాళ్ళ నుంచే..."

మైకు చచ్చిపోయింది. వాచ్‌మన్ ప్లగ్గు పీకేశాడు. ఆవిడ గొంతు చించుకుని ఇంకా ఏదో చెప్పింది. ముప్పై దాటినవాళ్ళు ఏ బాధా లేకపోయినా పరీక్ష చేయించుకోవాలని, ముదరకముందే పట్టుకుంటే నయమవుతుందని, ముట్లుడిగాక రక్తం కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దని. ఆ ఆఖరి మాట కాజాలక్క కోసమే చెప్పినట్టుంది. చప్పట్ల హోరులో అది గోడలకు వినిపించింది గానీ ఆమెకు వినిపించలేదు. ఆమె చెవిన పడి నిలిచింది ఒక్కటే. భయపడాల్సిన పని లేదు.

నర్సమ్మను సగౌరవంగా గేటు దాకా సాగనంపారు. ముఖ శిబిరం మొత్తం మీద ఆవిడ నోరొక్కటే చెడ్డదని తేలింది.

కాజాలక్క వంతు వచ్చింది. "ఆ... అనమ్మా" అన్నాడు పళ్ళ డాక్టరు. అంది. "భేష్! క్యాన్సరు లేదు, గీన్సరు లేదు. ఒక పన్ను పుచ్చింది, అంతే."

"నిజంగా లేదా బాబూ? మరి... కొంచెం రక్తం..."

"చిగుళ్ళమ్మా. గట్టిగా తోముతున్నట్టున్నావు. మెత్తటి బ్రష్షు వాడు." ఒక బ్రష్షు చేతిలో పెట్టాడు, ఉచితంగా.

ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుని దండం పెట్టింది. ఇన్ని నెలల భయం దిగిపోయింది కదా మరి. ఆ రోజు నుంచి మెత్తగా తోముకుంది. రక్తం ఆగలేదు. ఇంకా మెత్తగా తోముకుంది.

ఒకనాడు మిషను మీదే వాలిపోయింది. కూతురు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ తెర లాగి, "పడుకోండమ్మా, పరీక్ష చేయాలి" అంది. కాజాలక్క బల్ల మీద పడుకుని, కళ్ళు మూసుకుని, నోరు బార్లా తెరిచింది.

ఆ గదిలో ఎవరికీ నవ్వు రాలేదు.

"ఇంతకుముందు ఎక్కడా చూపించుకోలేదా అమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ, పరీక్ష అయ్యాక, కూతురి మొహం చూడలేక.

"చూపించుకున్నానమ్మా. లేదన్నారు. బ్రష్షు కూడా ఇచ్చారు."

కంపెనీలో సంతాప సభ ఘనంగా జరిగింది. ఏం జబ్బు అని ఎవరో అడిగితే మరిది నేల చూపులు చూస్తూ "ఆడవాళ్ళ జబ్బు" అన్నాడు. అధ్యక్షుల వారు దాన్ని కూడా సంస్కరించి "అనారోగ్యం" అన్నారు. రెండు నిమిషాలు మౌనం పాటించారు. ఈ విషయంలో మౌనం సంఘానికి కొత్తేమీ కాదు, బాగా అలవాటున్నట్టే నిలబడ్డారు. ఆమె జ్ఞాపకార్థం ఏటా శిబిరం పెట్టాలని తీర్మానించారు. గుడ్డ దండగ కాకూడదని పాత బ్యానరుకే "కాజాలక్క స్మారక" అని ముందో ముక్క అతికించారు. బొత్తాల పిల్లే కుట్టింది. ఈసారి నవ్వలేదు. తనకూ ఈ మధ్య నడుం లాగుతోంది, ఎవరికీ చెప్పలేదు.

మీరు వాళ్ళలాంటి వారు కాదని నాకు తెలుసు. చదువుకున్నవారు, విశాల హృదయులు. అందుకే ఒక చిన్న కోరిక. ఈ కథ పేరు మీ ఇంట్లో ఆడవాళ్ళకు ఒక్కసారి పైకి చదివి వినిపించండి, పరీక్ష చేయించుకున్నావా అని అడగండి.

అదిగో. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.